మా అత్తకు వినిపించిన చప్పుడు

దెయ్యాలు, గాలి సోకడం, చేతబడి... వీటిలో ఏ ఒక్కదాన్నీ నేను ఎప్పుడూ నమ్మలేదు. పరవాడలో ఒక మందుల కంపెనీలో, క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో పనిచేస్తాను. ఎవరేం చెప్పినా "రీడింగ్ ఏదీ?" అని అడగడమే అక్కడ నా పని. మధ్యాహ్నం క్యారేజీలు విప్పుకున్నప్పుడు మావాళ్ళు ఎవరింట్లో ఏ గజ్జెల చప్పుడు వినిపించిందో చెప్పుకుంటుంటే, వాళ్ళ డబ్బాల్లోంచి వడియాలు తీసుకుని తింటూ నవ్వే మనిషిని.

ఇప్పటికీ దెయ్యాలను నమ్మను. నేను చెప్పబోయేదాంట్లో దెయ్యం లేదు కూడా. ఉన్నది మా అత్త.

మా అత్త పేరు అప్పలనర్సమ్మ. మాది సబ్బవరం దగ్గర పల్లె. మా ఆయన శ్రీనుకి పోర్టులో క్రేన్ ఆపరేటర్‌గా పని దొరికాక మల్కాపురంలో మేడ మీద వాటా అద్దెకు తీసుకున్నాం. అత్త మాతోనే ఉంటుంది. మా అమ్మాయి హాస్టల్లో ఉండి చదువుకుంటోంది.

చాలా ఏళ్ళ క్రితం అత్తకి టీబీ వచ్చింది. జబ్బు తగ్గింది గానీ, అప్పుడు చేసిన ఇంజెక్షన్ల వల్ల రెండు చెవులూ పోయాయి. కొంచెం వినబడకపోవడం కాదు, పూర్తిగా. దీపావళికి గుమ్మం ముందు బాంబు పేలితే, పొగ కనబడ్డాక తల తిప్పే మనిషి. చెవి మిషన్ కొనిపెడితే నాలుగు రోజులు పెట్టుకుని, "సెవిలో సెనగ్గింజ దూరినట్టున్నాది తప్పితే ఏటీ నేదు" అని తీసి బియ్యం డబ్బాలో పడేసింది.

మాటలు మాత్రం తగ్గలేదు. తన గొంతు తనకి వినబడదు కాబట్టి వీధి మలుపు దాకా వినిపించేలా మాట్లాడుతుంది. మేం పెదాలు కదిపి, చేతులు తిప్పి చెబుతాం. సగం అర్థం చేసుకుంటుంది. మిగతా సగం తనకి ఇష్టమొచ్చినట్టు చేసుకుంటుంది.

ఇక నా సంగతి. మొన్న వానాకాలంలో నాకు గట్టిగా జలుబు చేసింది. జలుబు పోయింది, కుడి చెవిలో ఒక చప్పుడు మిగిలింది. పక్కన కూర్చుని ఎవరో సైకిల్‌కి గాలి కొడుతున్నట్టు హుష్, హుష్, హుష్ అని. మొదట్లో రిఫైనరీ వైపు నుంచి వస్తోందనుకున్నాను. మల్కాపురంలో ఉండేవాళ్ళకి చప్పుళ్ళు కొత్తేమీ కాదు. గూడ్సు బండ్లు, ఓడల కూతలు, ట్యాంకర్ల హారన్లు, ఏదో ఒకటి ఉంటూనే ఉంటుంది. కానీ కంపెనీ బస్సెక్కి పరవాడ వెళ్ళినా ఆ చప్పుడు నాతోనే వచ్చింది.

ఒకరోజు బస్సులో దవడ కింద చెయ్యి ఆనించుకుని కూర్చున్నాను. వేలు మెడ మీద నొక్కుకున్నట్టుంది, చప్పుడు టక్కున ఆగిపోయింది. వేలు తీశాను, మళ్ళీ వచ్చింది. మణికట్టు పట్టుకుని నాడి చూసుకున్నాను. నాడి కొట్టినప్పుడల్లా ఒక హుష్. అంటే నేను వింటున్నది నా రక్తం పారే చప్పుడే. భయం కన్నా ముందు నాకు కొంచెం ముచ్చటేసింది. అదేదో కనిపెట్టినట్టు.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. శ్రీనుకి చెబితే అప్పటికప్పుడు ఆస్పత్రికి పద అంటాడు. ల్యాబ్‌లో ఆడిట్ జరుగుతోంది, సెలవు దొరకదు. తర్వాత చూసుకుందాంలే అనుకున్నాను.

ఆ ఆదివారం పొద్దున అత్త వరండాలో వీధి వైపు తిరిగి కూర్చుని కత్తిపీట మీద చేపలు కోస్తోంది. నేను ఆవిడ వెనక నుంచి బట్టల బకెట్ పట్టుకుని మేడ మెట్ల వైపు వెళుతున్నాను. ఆవిడ తల తిప్పలేదు.

"ఒలే సత్యా, ఏటే ఆ సప్పుడు?"

నేను ఆగిపోయాను. ఆవిడ చప్పుడు అనే మాట అని ఎన్నేళ్ళయిందో.

"సైకిల్‌కి గాలి కొడతన్నట్టు హుస్సు, హుస్సుమంటన్నాది. నీకాడినుంచే వత్తన్నాది. నాలుగు దినాలై సూత్తన్నాను, నువ్వు రాగానే మొదలవుతాది."

బకెట్ కింద పెట్టేశాను. ఆవిడ ఎడమ చేత్తో నేల మీద దరువు వేసి చూపిస్తోంది, నాకు వీపు పెట్టే. నేను నాడి పట్టుకున్నాను. ఆ దరువు, నా నాడి, నా చెవిలో హుష్, మూడూ ఒక్కటే. కానీ ల్యాబ్ మనిషిని కదా, ఇంకో పరీక్ష చేశాను. మెడ మీద వేలు నొక్కాను. చప్పుడు ఆగింది. ఆవిడ చెయ్యి గాల్లో ఆగిపోయింది.

"ఆగిపోనాదేటి?" అంది అత్త, చేప తోక పట్టుకుని వెనక్కి తిరిగి.

శ్రీనుకి చెప్పక తప్పలేదు. ముందు తల్లీ నేనూ కలిసి ఆట పట్టిస్తున్నామనుకున్నాడు. నా చెవికి తన చెవి ఆనించి ఊపిరి బిగపట్టి విన్నాడు. కాసేపటికి మొహం మారిపోయింది. "ఒలే, ఉన్నాదే! లోపలెవరో ఊదతన్నట్టున్నాది!" అన్నాడు. అంటే నాది భ్రమ కాదు. నిజంగా చప్పుడుంది. కానీ మంచి చెవులున్న శ్రీనుకే చెవికి చెవి ఆనిస్తే గానీ, అదీ లీలగా గానీ వినబడలేదు. వరండాలో ఉన్న అత్తకి ఎలా వినబడింది?

ఆ తర్వాత మా ఇంట్లో రోజులు వింతగా, నిజం చెప్పాలంటే సరదాగా గడిచాయి. కంపెనీ బస్సు నన్ను సందు మొదట్లో దింపేసరికి అత్త స్టవ్ మీద టీకి నీళ్ళు పెట్టేసేది. మెట్లెక్కుతుంటే "నెమ్మదిగా ఎక్కే, ఎందుకా లగెత్తడం" అని పైనుంచి కేక. ఎదురుగా కూడా లేదు, లోపల వంటింట్లో ఉంది.

నాకు చిక్కు వచ్చింది మాత్రం కోపం దగ్గర. ఒకరోజు అత్త పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోయింది. పొంగి స్టవ్వంతా కారింది. నేను పైకి ఏమీ అనకుండా, మొహం కూడా మామూలుగా పెట్టుకుని తుడుచుకుంటున్నాను. హాల్లోంచి వినబడింది.

"కోపమొచ్చినాదేటే? బేగి బేగి కొట్టుకుంటన్నాది! పాలు పొంగీసినాయని నన్ను మనసులో తిట్టుకుంటన్నావేటి?"

వీధంతా విన్నది. పక్క వాటాలో ఉండే రమణమ్మ గారు కిటికీలోంచి తొంగి చూసి నవ్వారు. ఇన్నేళ్ళ కాపురంలో అత్త మీద కోపాన్ని పైకి కనబడకుండా మింగడం ఒక్కటే నేను బాగా నేర్చుకున్న విద్య. అది కాస్తా పోయింది. శ్రీనుకి మాత్రం పండగే. "అమ్మా, ఇప్పుడెలాగున్నాది?" అని సైగ చేసి అడగడం, ఆవిడ "నెమ్మదించినాది, ఇప్పుడెల్లి అన్నమడుగు" అనడం.

అత్తలో ఇంకో మార్పు కూడా వచ్చింది. నేను కూరలు తరుగుతుంటే వచ్చి పక్కన కూర్చునేది. కాలి బొటనవేలు నేల మీద కొట్టుకుంటూ, ఎప్పుడో ఊడుపుల్లో పాడిన పాటలు కూనిరాగం తీసేది. చెవులు పోయాక ఆవిడ పాడటం నేను వినలేదు. శ్రుతి ఎక్కడికో పోయేది గానీ తాళం తప్పేది కాదు. ఆ తాళం నాదే.

ఇదంతా బాగానే ఉంది. నాకు మాత్రం నిద్ర పోయింది. కుడి పక్కకి తిరిగి పడుకుంటే దిండులో ఓడ ఇంజన్ పెట్టినట్టుండేది. చివరికి ల్యాబ్‌లో ఒకే శాంపిల్‌ని రెండుసార్లు తూచి, రెండుసార్లూ వేరే శాంపిల్ పేరు రాశాను. మా మేనేజర్ చూసి, "సత్యవతి గారూ, ముందు డాక్టర్‌కి చూపించుకోండి, ఆడిట్ సంగతి నేను చూస్తాను" అన్నాడు.

నగరంలో చెవి ఆపరేషన్లు చేసే ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. అత్త తానూ వస్తానని బండెక్కి కూర్చుంది. డాక్టర్ గారు స్టెతస్కోప్ నా చెవి వెనక పెట్టి విని, "వినబడుతోంది" అన్నారు. మెడ నొక్కి చూశారు. కళ్ళ పరీక్ష చేయించారు, మెదడులో ప్రెషర్ ఏమైనా ఉందేమోనని. రక్తనాళాలు కనబడేలా స్కాన్ తీయించారు. రిపోర్టులు వచ్చాక కూర్చోబెట్టి చెప్పారు.

మెదడు నుంచి రక్తాన్ని కిందికి దింపే పెద్ద సిర ఒకటి చెవి వెనక ఎముకలో కాలువలా పోతుందట. నాకు ఆ ఎముక గోడ ఒకచోట అరిగి కన్నం పడింది. అక్కడ సిర చిన్న బుడగలా ఉబ్బి బయటికొచ్చింది. ఆ బుడగలో రక్తం సుడి తిరుగుతోంది. నేను వినేది ఆ సుడినే.

"వెంటనే ప్రాణానికొచ్చిన భయమేమీ లేదు. ఓర్చుకోగలిగితే ఓర్చుకోవచ్చు. లేదంటే చెవి వెనక తెరిచి, ఆ ఉబ్బుని లోపలికి నెట్టి, మీద గోడ కట్టాలి. పెద్ద సిర కాబట్టి రక్తం ఎక్కువ పోవడం, గడ్డ కట్టడం లాంటి ప్రమాదాలు ఉంటాయి. తక్కువే, కానీ లేవని చెప్పను" అన్నారు.

అప్పుడు శ్రీను ఉండబట్టలేక, "మేడమ్, ఇది మా అమ్మకి కూడా ఇనబడతాదండి" అనేశాడు.

డాక్టర్ గారు నవ్వారు. అత్త చెవుల సంగతి విన్నాక నవ్వు ఆపి, ఆవిడని వినికిడి పరీక్ష గదిలో కూర్చోబెట్టారు. ఎంత పెద్ద శబ్దం పెట్టినా అత్త గోడ మీద క్యాలెండర్ చూస్తూ కూర్చుంది. సున్నా. "ఈవిడకి ఏ శబ్దమూ వినబడే అవకాశం లేదు" అన్నారు డాక్టర్ గారు.

"ఒక్కసారి పరీక్షించండి" అన్నాను. నాకూ తెలుసుకోవాలని ఉంది. ఇంట్లో నా కళ్ళు, నా మొహం చూసి ఆవిడ కనిపెడుతోందేమో. చేప కోసిన రోజు కూడా ఏదో నీడ చూసిందేమో. రీడింగ్ కావాలి.

అత్తని గోడ వైపు తిప్పి కూర్చోబెట్టి, వినబడినట్టే చేత్తో దరువు వెయ్యమన్నారు. శ్రీనుని బయటికి పంపేశారు. నా వేలికి నాడి చూపించే క్లిప్పు తగిలించి, ఒక నర్సుతో కారిడార్ అవతలికి పంపారు. నేను మెట్లెక్కాను, దిగాను, ఒకచోట కూర్చున్నాను. మధ్యలో నర్సు చెప్పినప్పుడల్లా మెడ నొక్కుకున్నాను, వదిలాను. నర్సు గడియారం చూసి అన్నీ రాసుకుంది.

తిరిగి వచ్చేసరికి డాక్టర్ గారు అత్త చేతి దరువే చూస్తూ, గడియారం చూసి రాసుకుంటున్నారు. అత్త ఒక్కతే ఉత్సాహంగా ఉంది. "మెట్లెక్కించారేటే నిన్ను? అలాగ లగెత్తిపోనాది. మద్దిలో ఆగీసి ఆగీసి వచ్చినాదేటి? నువ్వు ఆపుకున్నావేటి?" అంది.

డాక్టర్ గారు నర్సు రాసినవీ తను రాసుకున్నవీ పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. చాలాసేపు పెన్నుతో బల్ల మీద కొట్టారు. "సత్యవతి గారూ, మీ సంగతి ఫైల్లో రాస్తాను. ఈవిడది ఏమని రాయాలో నాకు తెలియదు" అన్నారు.

ఆపరేషన్ చేయించుకోమని శ్రీను అన్నాడు. నేను ఆలోచించి చెబుతానన్నాను. ప్రమాదాల గురించి కాదు. ప్రపంచంలో ఆవిడకి వినబడుతున్నది ఆ ఒక్కటే. అది నా దగ్గరుంది. నేను హాయిగా నిద్రపోవడానికి దాన్ని ఆపేస్తే, ఊడుపు పాటలు కూడా ఆగిపోతాయి. ప్రాణానికి భయం లేదన్నారు కదా, ఎడమ పక్కకి తిరిగి పడుకుంటే సరిపోతుంది, అలవాటు పడతాను అని సర్దిచెప్పుకున్నాను. రెండు వారాలకు పైగా ఏదో ఒక వంక చెప్పాను.

ఒకరోజు సాయంత్రం అత్త నా తలకి నూనె రాస్తానని కూర్చోబెట్టింది. రాస్తూ రాస్తూ అంది, ఆవిడ మెల్లగా అనుకునే గొంతుతో, అంటే పక్కింటికి మాత్రమే వినబడేలా:

"నాకోసరమని మానీసినావంట గదా ఆపరేసను. నీ వంకలు సూసి మావోడు కనిపెట్టీసి సెప్పినాడు."

నేను తల అడ్డంగా ఊపాను.

"ఊపకు. గుండి లగెత్తతన్నాది, అబద్దమాడతన్నావు. ఒలే గుంటా, నా సెవులు పోయినపుడు నానేటేడిసినాను? ఒక దినం ఏడిసినాను, మర్నాడు గట్టుకెల్లి కలుపు తీసినాను. ఇది నాకు ఊరికే వచ్చినాది, ఊరికే పోతాది. నువ్వు నిద్దర్లేక ఎండిపోతంటే నాను కూకుని తాళమేసుకుంతానేటి? సేయించీసుకో. బేగి సేయించీసుకో. నీ కోపాలు ఇనలేక నా సెవులు బరువెక్కిపోతన్నాయి."

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. తల మీద నూనె కారి కంట్లో పడింది కూడా. ఆవిడ జడ బిగించి కట్టి, వీపు మీద ఒకటి చరిచి పంపింది.

ఆపరేషన్ రోజు అత్త ఆస్పత్రికి రానంది. ఆ వాసన తనకి పడదంది. రమణమ్మ గారికి అప్పగించి వెళ్ళాం.

నన్ను పూర్తిగా మత్తులోకి పంపలేదు. చెవి వెనక తిమ్మిరెక్కేలా సూదులిచ్చి, కొంచెం మగతగా ఉండే మందిచ్చారు. "చప్పుడు ఆగిందో లేదో మీరే చెప్పాలి, మా మిషన్లేవీ చెప్పలేవు" అన్నారు డాక్టర్ గారు. ఎముక తొలిచేటప్పుడు నొప్పి లేదు గానీ, తలలోనే రోడ్డు వేస్తున్నట్టుంది. డ్రిల్ ఆగాక మిగిలింది నా హుష్ హుష్ ఒక్కటే. ఎప్పుడూ లేనంత పెద్దగా.

"ఇప్పుడు నొక్కుతున్నాను... పోయిందా?"

"పోయిందండీ!"

"వదిలాను."

"వచ్చేసింది."

ఇంకొంచెం పక్కకి నొక్కారు. సగమే పోయిందన్నాను. మళ్ళీ వదిలారు, మళ్ళీ నొక్కారు. అలా సరైన చోటు దొరికేదాకా ఆపుతూ వదులుతూ చూసి, నా కండరం మీది పలుచటి పొర తీసి, ఎముక పొడి కలిపి, అక్కడ గోడ కట్టేశారు. ఆ తర్వాత వచ్చిన నిశ్శబ్దం ఎలా చెప్పాలో తెలియదు. ఇల్లంతా చుట్టాలతో కిక్కిరిసి, అందరూ ఒకేసారి వెళ్ళిపోతే ఎలా ఉంటుందో అలా ఉంది. "థాంక్యూ మేడమ్" అన్నాను. "కదలకండి, ఇంకా కుట్లు వెయ్యాలి" అన్నారు ఆవిడ.

బయట ఏం జరిగిందో శ్రీను తర్వాత చెప్పాడు. ఆపరేషన్ నడుస్తుండగా రమణమ్మ గారు ఫోన్ చేశారట, ఏడుపు గొంతుతో. "శ్రీనూ, మీ యమ్మ 'ఆగిపోనాది, ఆగిపోనాది' అంటన్నాదిరా. సత్యకేటయినాది?" శ్రీను వెంటనే థియేటర్ తలుపు దగ్గరికి పరిగెత్తి, లోపలికి వెళ్ళబోయి, వార్డు బాయ్ చేతికి చిక్కాడు. ఫోన్ ఇంకా చెవి దగ్గరే ఉంది. అందులోంచి రమణమ్మ గారు, "ఉండు ఉండు, మళ్ళీ వచ్చినాదంటన్నాది. నవ్వతన్నాది. ఇదిగో, మళ్ళీ ఆగిందంట... సగమే ఆగిందంటన్నాదేటి, సగమేటిరా?" అన్నారట.

సగం. ఆ మాట శ్రీను నాకు చెప్పినప్పుడు నా తలకి కట్టు ఉంది, నవ్వితే లాగుతోంది. డాక్టర్ గారికి నేను చెప్పిన మాట అదే. థియేటర్లో ఉన్నవాళ్ళకి తప్ప ఆ మాట ఎవరికీ తెలియదు. శ్రీనుకి కూడా. మల్కాపురంలో మా వాటా ఎక్కడ, ఊరికి అటు చివరనున్న ఆస్పత్రి ఎక్కడ.

చివర్లో అత్త "ఇంక రాదు, కట్టీసినారు" అని లేచి, రమణమ్మ గారి ఇంట్లో అడిగి మరీ ఉప్మా తిన్నదట.

కుట్లు విప్పించుకుని ఇంటికొచ్చాక, ఆవిడ నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని మచ్చ తడిమి చూసింది. నేను అడిగాను, పెదాలతో, చేతులతో: బాధగా ఉందా? ఎలా వినబడేది? చెవిలోనా, తలలోనా, ఎక్కడ?

"ఏమోనే. నీకు నొప్పెట్టినపుడు నొప్పి ఏ దారంట వచ్చినాదో సూసుకుంతావేటి? వచ్చినాది, ఇన్నాను. పోనాది, పోనాది. నిద్దరోయినావా లేదా రేత్రి?"

పోయాను. కుడి పక్కకి తిరిగి పడుకుని, ఎండ మొహం మీద పడేదాకా నిద్రపోయాను.

నాకు తోచిన కారణాలన్నీ ఆలోచించాను. నేల ద్వారా అదురు తెలిసిందేమో అనుకుంటే, సందు మొదట్లో నేను బస్సు దిగడం ఎలా తెలిసింది? మనిషి అలవాట్లు బాగా తెలియడం వల్లేమో అనుకుంటే, గోడ వైపు కూర్చుని నర్సు చెప్పిన క్షణాలు ఎలా పట్టుకుంది? ఇవి రెండూ వదిలేసినా, ఆ 'సగం' నన్ను వదలడం లేదు. మధ్యాహ్నం క్యారేజీల దగ్గర మావాళ్ళకి ఇదంతా చెబితే, ఈసారి వాళ్ళు నవ్వారు. రీడింగ్ ఏదీ అన్నారు. నా దగ్గర లేదు.

మొన్న చెకప్‌కి వెళితే అత్త కూడా వచ్చింది. డాక్టర్ గారు మచ్చ చూశారు, బాగా మానిందన్నారు. స్టెతస్కోప్ చెవి వెనక పెట్టి, కళ్ళు మూసుకుని విన్నారు. "ఏమీ లేదు" అన్నారు. పెన్ను తీశారు గానీ రాయలేదు. కుర్చీ తిప్పి, అటువైపు కూర్చున్న మా అత్త కేసి చూసి, ఏమంటారన్నట్టు కళ్ళెగరేశారు.

అత్త కొంగు సర్దుకుని, కాసేపు కదలకుండా కూర్చుంది. తర్వాత ఆస్పత్రి అంతా వినబడేలా చెప్పింది.

"నేదు."

అప్పుడు డాక్టర్ గారు రాశారు.